మూడు చక్రాల బండికి నాలుగో చక్రం

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనొద్దు. నేను ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పలేను. చిన్నప్పటి నుంచీ అంతే. పొద్దున మా ఇంటి వెనక కనబడ్డ పిల్లి నేను బడికి చేరేలోగా అడవిపిల్లి అయ్యేది. మధ్యాహ్నం గంట కొట్టేసరికి చిరుతపులి. సాయంత్రానికి దాన్ని నేనొక్కణ్ణే కర్రతో తరిమి ఉండేవాణ్ణి. ఖమ్మం మిర్చి మార్కెట్టులో వ్యాపారి బస్తాలో చెయ్యి పెట్టగానే తేమ ఉందంటూ కొంత తరుగు తీసేస్తాడు చూశారా, మా ఆవిడ పెళ్ళైన కొత్తలోనే నా మాటలకు అలాంటి తరుగొకటి ఖాయం చేసింది. నేను "ఊరు ఊరంతా వచ్చిండ్రు" అంటే నలుగురు వచ్చారని అర్థం చేసుకుంటుంది. "చచ్చిపోతున్నా" అంటే జలుబని మిరియాలు దంచుతుంది. కాపురానికి ఏ లోటూ రాలేదు. మీరూ ఇది చదివేటప్పుడు మీకు తోచినంత తరుగు తీసుకోండి. ఇందులో పచ్చి అబద్ధం ఏదో చివర్లో నేనే ఒప్పుకుంటాను.

సెల్‌ఫోన్లు ఇటుకల్లా ఉండి, సిగ్నల్ కోసం మనుషులు నీళ్ళ ట్యాంకు ఎక్కే రోజులవి. నేను కొత్తగూడెం దగ్గర ఒక బొగ్గు గని ఆఫీసులో గుమాస్తాను. కాలనీలో క్వార్టరు, క్వార్టరు మీద బొగ్గుదుమ్ము. పొద్దున తెల్లచొక్కా ఆరేస్తే సాయంత్రానికి నల్లకోటు తీసుకోవచ్చు. మా ఆవిడ టీచరు. ఆమె బడి భద్రాచలం పోయే రోడ్డు మీద, అడవిలో. ఒకటే గది, ఒకటే టీచరు. బస్సు అడ్డరోడ్డు దగ్గర దింపేసి పోతుంది. అక్కడి నుంచి బడి ఉన్న గూడెం దాకా ఆరు మైళ్ళు నడవాలి.

(మా ఆవిడ నా భుజం మీదుగా చదువుతున్నది. "కిలోమీటరున్నర" అంటున్నది. సరే.)

ఆ కిలోమీటరున్నరలో దేవుడు ఎన్ని రకాల నేలలున్నాయో అన్నీ పెట్టాడు. మొదట ఎర్ర మొరం, ఒక్కో రాయి కోడిగుడ్డంత. తర్వాత దారికి అడ్డంగా పాకిన చెట్ల వేళ్ళు. ఆ తర్వాత వాగు. చలికాలంలో వాగులో నీళ్ళుండవు, ఉత్త ఇసుక. ఆ ఇసుకలో పూర్వం ఒక ఎడ్లబండి దిగబడిందనీ, ఎడ్లు ఇప్పటికీ లాగుతూనే ఉన్నాయనీ చెప్పుకుంటారు. చెప్పుకునేది నేనే.

మాకు పాప పుట్టింది. పెద్దాపరేషన్. కుట్లు మానడంలో ఏదో తకరారు వచ్చి, డాక్టరమ్మ మా ఆవిడకు గట్టిగా చెప్పింది: ఏడాది దాకా బరువు ఎత్తకూడదు. కూర్చుని ఒళ్ళో పెట్టుకోవచ్చు గానీ ఎత్తుకుని నడవకూడదు. పాప నా కూతురే కాబట్టి వయసుకు మించే ఉండేది. ఆమె పురిటి సెలవు అయిపోవచ్చింది. బడికి పోవాలి. పాపను వాగు ఎవరు దాటించాలి? నాది పొద్దుటి డ్యూటీ. పురిటికని పెనుబల్లి నుంచి వచ్చిన మా అత్తగారికి అక్కడ ఇల్లూ, పొలమూ, పాలిచ్చే గేదెలూ, వాటికంటే ఎక్కువ చాకిరీ చేయించుకునే మా మామగారూ ఉన్నారు. ఇక్కడే ఉండిపోవడానికి వీల్లేదు. ఆమె తేల్చిన ఉపాయం ఒకటే: పాపకు నడక వచ్చేదాకా తను పెనుబల్లి తీసుకుపోతుంది.

మా ఆవిడ పాప గౌన్లు ఉతికి, ఆరేసి, మడతపెట్టి, మడత విప్పి మళ్ళీ ఉతికేది. ఆ వారంలో ఎర్రగౌను గులాబీ రంగుకు వచ్చింది, గులాబీ గౌను తెల్లబడింది.

ఇక్కడ మా అత్తగారి మాటతీరు చెప్పాలి. ఆమె పాతకాలపు మనిషి. అల్లుడితో ఎదురుగా మాట్లాడకూడదని నియమం. పెళ్ళైన కొత్తలో నాతో చెప్పాల్సినవన్నీ గోడకు చెప్పేది. గోడ లేని చోట గేదెకు చెప్పేది. పాప పుట్టాక ఆ ఉద్యోగం పాపకు వచ్చింది.

"ఏమే తల్లీ, మీ నాయన్ని అన్నానికి రమ్మనవే. కూర సల్లారిపోతుంది. పేపర్ల ఎంత ఎతికినా ప్రధానమంత్రి పోస్టు ఖాళీ లేదని చెప్పు."

"తల్లీ, మీ అమ్మమ్మకు చెప్పు. ఖాళీ ఉన్నా ఈ కూర తిన్నోడు ఢిల్లీ దాకా పోలేడని చెప్పు."

పాప మధ్యలో పడుకుని ఇద్దరికీ నోరు తెరిచి నవ్వేది. అంత నిష్పక్షపాతమైన జడ్జీని నేను మళ్ళీ చూడలేదు.

బండి ఆలోచన నాకే వచ్చింది. మా కాలనీలో ఒక ఆఫీసరుగారి మనవణ్ణి సాయంత్రాలు నాలుగు చక్రాల బండిలో కూర్చోబెట్టి తారు రోడ్డు మీద తిప్పేవారు. పైన గొడుగు, ముందు గిలక్కాయలు, వాడికి నౌకరు. వాణ్ణి చూస్తే మా గని మొత్తం వాడి పేరునే ఉన్నట్టుండేది. ఒక ఆదివారం ఆ బండిని బతిమాలి తెచ్చాను. పాపను పెట్టి పరీక్షించడానికి మా ఆవిడ ఒప్పుకోలేదు. అందుకని పాపంత గుమ్మడికాయ ఒకటి తెచ్చి, దానికి పాప ఉన్నిటోపీ తొడిగి, బెల్టు కట్టి కూర్చోబెట్టాను. సాక్షిగా అత్తగారు వచ్చింది.

మొరం మీద ఆ బండి చలిజ్వరం వచ్చినట్టు వణికింది. దాని చక్రాలు సోడామూతలంత. ప్రతి రాయినీ పలకరించి, ప్రతి వేరుకూ దండం పెట్టి, ఎట్లాగో వాగు దాకా వచ్చింది. ఇసుకలో నాలుగడుగులు పోయి దిగబడింది. నేను తోశాను. కదల్లేదు. గనిలో పట్టాల మీది బొగ్గు టబ్బును తోసినట్టు తోశాను. అప్పుడు బండి కదలకుండానే గొడుగు మూసినట్టు మూసుకుంది. గుమ్మడికాయ గాల్లోకి లేచి, అడవినంతా పైనుంచి ఒకసారి చూసుకుని, కింద పడి టోపీతో సహా దొర్లుకుంటూ పోయింది.

అత్తగారు పోయి దాన్ని తెచ్చింది. ఇసుక దులిపి, టోపీ సర్ది, చంకన పెట్టుకుంది.

"దెబ్బ తగిలిందా తల్లీ? సూసినవా మీ నాయన ఉద్ధారకం? నీ అసుమంటిదాన్ని ఇంటికాడ ఇంకోదాన్ని ఎక్కిస్తడంట."

ఆ పూట గుమ్మడికాయ పులుసు పెట్టారు. ఉన్నిటోపీ పెట్టుకున్నదాన్ని నేను మింగలేకపోయాను. అత్తగారు రెండోసారి వడ్డించుకుని తిన్నది.

అయితే ఆ వాగులో నాకు జ్ఞానోదయం అయింది. బండిది తప్పు కాదు, చక్రానిది. చిన్న చక్రం ఇసుకలోకి పోతుంది, పెద్ద చక్రం ఇసుక మీద పోతుంది. ఇంకేం, ఖమ్మం పోయి పెద్ద చక్రాల బండి చూద్దామన్నాను. అంతటితో ఆగితే నేను నేనెట్లా అవుతాను? దుకాణంలో నున్నటి బండల మీద తోసి చూపిస్తే ఏ బండైనా విమానంలాగే పోతుంది. అందుకని మా దారినే వెంట తీసుకుపోదామని, ఒక గోనెసంచిలో సగం మొరం, సగం వాగు ఇసుక నింపాను. పైన రెండు చెట్టువేళ్ళు కూడా వేశాను.

ప్రయాణం ముందు ఒక గండం వచ్చింది. నేను, మా ఆవిడ, మా అత్తగారు. ముగ్గురం. ముగ్గురు కలిసి పనిమీద బయల్దేరితే ఆ పని కాదని మా వైపు పసిపిల్లలకు కూడా తెలుసు. తప్పనిసరైతే నాలుగోదిగా జేబులో ఒక రాయైనా వేసుకుంటారు. మూడు దోసెలు వడ్డించరు. వడ్డించాల్సి వస్తే చిన్న ముక్క తుంచి పక్కన పెట్టి నాలుగు చేస్తారు. ఈ శాస్త్రంలో మా అత్తగారు పెనుబల్లికీ కల్లూరుకూ కలిపి హైకోర్టు.

"ఒళ్ళో పిల్ల ఉంది గదమ్మా, నలుగురమే" అంది మా ఆవిడ.

"పాలు దాగే పిల్ల లెక్కకు వస్తదా?"

"తల్లీ, మీ అమ్మమ్మకు చెప్పు" అన్నాను. "బస్సు టికెట్టుకు రాదు, శకునానికి వస్తది."

హైకోర్టు ఒప్పుకుంది. పాప నాలుగో మనిషి. బయల్దేరాం.

ఖమ్మంలో పిల్లల సామాన్ల దుకాణం సేటు నా భుజం మీద గోనెసంచి చూసి, నేను మిర్చి అమ్మడానికి వచ్చి దారి తప్పాననుకున్నాడు. "యార్డు అటు దిక్కుంది పటేలా" అన్నాడు. నేను సంచి దించి విషయం చెప్పాను. దుకాణం మధ్యలో పాత పేపర్లు పరిచి మా దారిని పోశాను. బట్టలు కొనడానికి వచ్చినవాళ్ళు బట్టలు వదిలి చుట్టూ మూగారు. ఒక వెయ్యిమంది.

(నలుగురు.)

"ఏంది సార్ ఇది?" అన్నాడు సేటు.

"మా రోడ్డు."

"రోడ్డు గూడ మీరే తెచ్చుకుంటె ఇగ మేమెందుకు?"

మొదట నాలుగు చక్రాల బండి తెప్పించాడు. బటన్ నొక్కితే పాట పాడుతుందట. అది మా ఇసుకలోకి దిగి దిగబడిపోయింది. దిగబడి కూడా పాట ఆపలేదు. రెండోది గొడుగుబండి, ఒక చేత్తో మడవొచ్చన్నాడు. ఆ మడత విద్యను నేను వాగులోనే చూశానని చెప్పాను. అప్పుడు మా ఆవిడ తలెత్తి పైకప్పు వైపు చూపించింది. అక్కడ, ఫ్యాను పక్కన, దుమ్ము కొట్టుకుని ఒక బండి వేలాడుతున్నది. వెనక రెండు పెద్ద చక్రాలు, ముందు ఒకటి. పిల్లల సైకిలుకుండే గాలి టైర్లు.

"అది వద్దమ్మా" అన్నాడు సేటు. "ఎవరో సోకుకు ఆర్డరిచ్చిండ్రు. వచ్చినంక ఆటో లెక్క ఉందని ఇడిసిపెట్టి పోయిండ్రు. అప్పటి సంది గాడనే ఏలాడుతుంది."

దించారు. దాన్ని విప్పడం ఎవరికీ రాలేదు. సేటు ఒక దిక్కు గుంజాడు, దుకాణం గుమాస్తా ఒక దిక్కు గుంజాడు, నేను మీటలన్నీ నొక్కాను. ముగ్గురం కలిసి చేసేసరికి అదింకా గట్టిగా ముడుచుకుంది. ముగ్గురు కదా మరి, అన్నట్టు చూసింది అత్తగారు. మా ఆవిడ వచ్చి కింద ఏదో పుల్లను కాలితో తట్టింది. బండి పువ్వులా విచ్చుకుంది. పాపను అందులో పెట్టించి, బెల్టు కట్టి, మా దారి మీద తోసింది. మొరం మీద అది తల ఊపుకుంటూ పోయింది. వేరు దగ్గర చిన్నగా గెంతింది. ఇసుకలో ఒక్క క్షణం తటపటాయించింది. మా ఆవిడ పిడిని కొంచెం కిందికి వంచగానే ముందు చక్రం లేచి, ఇసుక మీద అట్లా సాగిపోయింది.

మా ఆవిడ మొహం చూశాను. అన్ని రోజులుగా ఉతికిన గౌన్లన్నీ ఒక్కసారి ఆరినట్టుంది.

"ఇదే" అంది.

అత్తగారు బండి చుట్టూ ప్రదక్షిణ చేసింది. ఇటునుంచి చక్రాలు లెక్కపెట్టింది, మూడు. అటునుంచి లెక్కపెట్టింది, అప్పుడూ మూడే.

"తల్లీ, మీ నాయనకు చెప్పు. మూడు చక్రాల మీద నువ్వు ఇల్లు కదిల్తే ఏ పనీ కాదని చెప్పు."

నాకు హుషారొచ్చింది. ఇంత సులువైన కేసు దొరకదు. "తల్లీ, మీ అమ్మమ్మను అడుగు. బస్టాండు కాణ్ణించి ఇక్కడికి ఆటోల వచ్చినం గద? ఆటోకు ఎన్ని చక్రాలు?"

"ఆటోకు స్టెప్నీ ఉంటది. లెక్కకు నాలుగు."

బయటికి పోయి చూసొచ్చాను. ఉంది.

"సరే. మీ అమ్మ నడక నేర్చిన చెక్కబండికి ఎన్ని?" అన్నాను. మా వైపు ప్రతి ఇంట్లో అటక మీద ఉంటుంది, పిల్లలు పట్టుకుని తోసుకుంటూ అడుగులు నేర్చుకునే చెక్కబండి. అది పుట్టినప్పటి నుంచీ మూడు చక్రాలదే.

"దానికి మూడే. తోసే పిల్ల కాళ్ళు రెండు. మొత్తం ఐదు" అంది అత్తగారు, ఒకటో తరగతి పిల్లవాడికి చెప్పినట్టు. "ఈ బండిల నీ కాళ్ళు నేలకానవు తల్లీ. లెక్కకు రావు."

చుట్టూ ఉన్నవాళ్ళలో ఒక పెద్దాయన "నిజమే గద" అన్నాడు. సేటు కూడా తలూపి, వెంటనే తన వ్యాపారం గుర్తొచ్చి తల ఆపుకున్నాడు. నేను ఓడిపోయాను. పదేళ్ళు చదివిన లెక్కలు ఆ ఐదు దగ్గర ఆగిపోయాయి.

మా ఆవిడ ఓడిపోలేదు. ఎందుకంటే ఆమె వాదించలేదు. "ప్యాక్ చెయ్యండి" అంది సేటుతో. నాతో "మన రోడ్డు ఎత్తండి" అంది. దారి పొడవునా అత్తగారు ఒక్క మాట మాట్లాడలేదు, పాపతో కూడా. ఆమె పాపతో మాట్లాడలేదంటే ప్రపంచంలో అందరి మీదా కోపం వచ్చిందని అర్థం.

మర్నాడు పొద్దున్నే సంచి సర్దుకుంది. "తల్లీ, నేను పెనుబల్లి పోతున్న" అంది. ఎందుకో చెప్పలేదు. మేమూ అడగలేదు. నాకు భయం వేసింది. సోమవారం మా ఆవిడ బడికి పోవాలి. అత్తగారు మామగారిని, ఇంకో ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని వచ్చి పాపను తీసుకుపోతుందని లెక్క వేశాను. ఇంకో ఇద్దరు ఎందుకంటే, మామగారితో కలిపి ముగ్గురు కాకూడదు కాబట్టి.

ఆదివారం మధ్యాహ్నం తిరిగొచ్చింది. ఒక్కతే. మెట్లెక్కి, చెప్పులు విడిచి, సంచిలోంచి పాత చీరముక్కలో చుట్టిందేదో తీసింది. విప్పితే, అరచేయంత చెక్కచక్రం. అంచున ఎప్పటిదో పచ్చరంగు. మా ఆవిడ ఒక్క చూపులో గుర్తుపట్టింది. ఆమె నడక నేర్చిన చెక్కబండిది. అటక ఎక్కి, ఆ బండి దింపి, దాని చక్రం ఒకటి ఊడబీకి తెచ్చింది మా అత్తగారు.

"తల్లీ, మీ నాయన్ని ఓ తాడు ఇమ్మను. స్టెప్నీ కట్టాలె."

నాకప్పుడు తట్టనే లేదు. ఈవిడ మూడు చక్రాల మాట పట్టుకుని ఇంకొక్క రోజు కూర్చుంటే పాప ఆమె ఒళ్ళోనే పెనుబల్లి పోయేది. తన కేసు తానే కొట్టేయించుకోవడానికి వంద మైళ్ళు బస్సులో పోయి వచ్చిన వకీలును మీరెక్కడైనా చూశారా? (ఎన్ని మైళ్ళో మా ఆవిడను అడగొద్దు.)

బండి వెనక ఎర్రతాడుతో చక్రం కట్టింది. నాలుగింటికీ పసుపు రాసి బొట్లు పెట్టింది. నిమ్మకాయలు తొక్కించాలి కదా. మూడు చక్రాల కింద మూడు పెట్టి బండిని తోయించింది. నాలుగోది గాల్లో వేలాడుతున్నది, దాని కింద నిమ్మకాయ పెట్టి ఏం లాభం? ఆ కాయను తనే తీసుకుని, చెక్కచక్రానికి అదిమి, చేత్తో పిండేసింది. రసం నా కంట్లో పడింది. అది యాదృచ్ఛికం కాదని నా నమ్మకం.

సోమవారం నేను డ్యూటీకి సెలవు పెట్టాను. బస్సు కోసం పోతుంటే ఆటోస్టాండులో డ్రైవర్లు మమ్మల్ని చూశారు.

"సార్, కొత్త ఆటోనా? పర్మిట్ ఉందా?"

"లైన్ల పెట్టుర్రి సార్, మా ఎనక నంబర్ మీది. ఊకె మధ్యల దూరొద్దు."

"అరే, స్టెప్నీ గూడ కట్టిండ్రు రా!"

ఆ చివరి మాటకు అత్తగారు నిటారుగా అయింది. "సూసినవా తల్లీ, తెలిసినోళ్ళు ఎట్ల గుర్తుపట్టిండ్రో" అంది. ఆ రోజు మొత్తం ఆమె ఎత్తు ఒక జానెడు పెరిగింది.

అడ్డరోడ్డు దగ్గర బండినీ పాపనూ కండక్టరే దించి, రోజూ తనే ఎక్కించి దించుతానన్నాడు. నడక మొదలుపెట్టాం. మా ఆవిడ తోస్తున్నది, నేను పక్కన, అత్తగారు వెనక. మొరం మీద పాప "ఆ ఆ ఆ" అని రాగం తీస్తూ, రాళ్ళకు ఆ రాగం వణుకుతుంటే తన గొంతుకు తనే ముచ్చటపడుతున్నది. దారిలో గూడెం పెద్దమ్మ ఒకామె కొండచీపురు కట్టలు నెత్తిన పెట్టుకుని ఎదురొచ్చింది. ఆగి, బండిని పైనుంచి కిందికి చూసింది.

"పిల్ల ఏం తప్పు జేసింది టీచరమ్మా? గట్ల కట్టేసిండ్రేంది?"

"పడకుండ, అవ్వా."

"పడకుండ ఉండాల్నంటే ఎత్తుకుంటరు గద."

"అట్ల అడుగు అవ్వా!" అంది వెనక నుంచి అత్తగారు.

మా ఆవిడ బండి ఆపింది. "ఎత్తుకోవద్దన్నరు అవ్వా. కడుపు కోసి తీసిండ్రు. ఎత్తుకోకపోయినా నా ఎంబడి ఉండాలె గద."

పెద్దమ్మ వాళ్ళ భాషలో తనకు తనే ఏదో అనుకుంది. కట్టలు దించి, గొంతుక్కూర్చుని, టైరును వేలితో నొక్కి చూసింది. "గట్లయితే మంచిగనే ఉంది" అంది. కట్టలోంచి మెత్తటి చీపురు కంకి ఒకటి లాగి పాప చేతికిచ్చింది. వెనక వేలాడుతున్న చెక్కచక్రాన్ని చూసి, "ఇదెందుకు?" అని మాత్రం అడగలేదు. ఇలాంటివి అర్థమయ్యేవాళ్ళకు అర్థమవుతాయి.

వాగు వచ్చింది. మా ఆవిడ పిడి వంచి ముందు చక్రం లేపి ఇసుకలోకి దిగింది. సగం దాకా బాగానే పోయింది. సగంలో ఆగి, పక్కటెముకల కింద చెయ్యి పెట్టుకుని ఊపిరి తీసుకుంది. నేను బండి అందుకోబోయాను. నాకంటే ముందు అత్తగారి చెయ్యి పడింది. అంతవరకు ఆమె దాన్ని ముట్టుకున్నది పసుపు పెట్టడానికే. మొదట పాము తోకను పట్టుకున్నట్టు పట్టుకుంది. నాలుగడుగులు వేసేసరికి కొంగు నడుముకు దోపింది. గట్టెక్కాక మా ఆవిడ "ఇటియ్యమ్మా" అంటే వినపడనట్టు బడి దాకా తనే తోసుకుంటూ పోయింది.

పగలంతా పాప బండిలో బోర్డు పక్కన ఉంది. పిల్లలు అ ఆ లు చదువుతుంటే అందరికంటే గట్టిగా చదివింది. అత్తగారు వరండాలో కూర్చుని గుమ్మంలోంచి చూస్తూనే ఉంది. మా ఆవిడ నేల మీద చాప వేసుకుని కూర్చుని, పెద్దపిల్ల ఒకతె చేత పాపను ఒళ్ళోకి అందించుకుని పాలిచ్చింది. మళ్ళీ బండిలో పెట్టించింది. అంతే. అంత చిన్న సంగతి కోసం ఇంత రోడ్డు మోశాను నేను.

సాయంత్రం తిరుగుదారిలో వాగు దగ్గర అత్తగారు అందరినీ ఆపింది.

"తల్లీ, ఇప్పుడు మీ అమ్మ ఒక్కతే తోస్తది. మీ నాయన్ని చెయ్యి పెట్టొద్దను. నేనూ పెట్టను. రేపటి సంది ఎట్లా ఎవ్వరం ఉండం."

అత్తగారు ముందే దాటి అవతలి గట్టు మీద నిలబడింది. మా ఆవిడ ఇసుకలోకి దిగింది. ఈసారి తొందరపడలేదు. నాలుగడుగులు, ఊపిరి. నాలుగడుగులు, ఊపిరి. వెనక నాలుగో చక్రం ఊగుతున్నది. నేను ఇవతల నిలబడి, జీవితంలో మొదటిసారి ఏమీ మాట్లాడకుండా ఉన్నాను. గట్టు దగ్గర బండి ఒక్కసారి వెనక్కి జారింది. అత్తగారి చేతులు రెండూ ముందుకొచ్చాయి. వచ్చి, అక్కడే గాల్లో ఆగిపోయాయి. మా ఆవిడ మోకాలు ఆనించి నెట్టింది. బండి గట్టెక్కింది.

అత్తగారు పాప చేతిలో నలిగిపోయిన చీపురు కంకిని సర్దింది.

"సరే తల్లీ" అంది. "మీ అమ్మ దగ్గర్నే ఉండు."

తెల్లారి ఇంకో పూట సెలవు పెట్టి ఆమెను పెనుబల్లి బస్సు ఎక్కించింది నేనే. మా ఆవిడ, పాప అప్పటికే బడికి పోయారు. బస్సు కదులుతుండగా మా అత్తగారు కిటికీలోంచి తల బయట పెట్టి, పెళ్ళైనప్పటి నుంచీ మొదటిసారి నేరుగా నా మొహం చూసి, బస్టాండు మొత్తం వినేట్టు అరిచింది: "అల్లుడుగారూ! ఆ టైర్లల్ల గాలి సూసుకుంట ఉండండి! మీరు మాటలల్ల కొట్టే గాలితోటి అవి నడవవు!"

ఇక మాట ఇచ్చాను కాబట్టి చెప్పాలి. గోనెసంచిలో రోడ్డు మోసుకుపోయింది నిజం. ఆ సంచి మరక ఇప్పటికీ ఒక చొక్కా మీద ఉంది. గుమ్మడికాయకు టోపీ పెట్టింది నిజం, అత్తగారు రెండోసారి వడ్డించుకున్నది నిజం. కాళ్ళు కలిపితే ఐదు అన్నది అక్షరాలా నిజం. అంత గొప్ప లెక్క కల్పించే తెలివి నాకు లేదు. నేను కల్పించింది ఒక్కటే, ఆ చివరి కేక.

ఆమె ఏమీ అనలేదు. అనడానికి వీల్లేదు. గోడ లేదు, గేదె లేదు, చేతిలో పాప లేదు. ఏదన్నా చెప్పాలంటే ఎవరికి చెప్పాలి? కిటికీ పక్క సీటు దొరికింది, పక్కన ఇంకో సీటు ఖాళీగానే ఉంది. సంచిని అందులో పెట్టమని సైగ చేశాను. ఆమె పెట్టలేదు. పాపను ఎత్తుకున్నట్టే ఎడమ చంకన పెట్టుకుని, దాని మీద చెయ్యి వేసి కూర్చుంది. బస్సు మలుపు తిరిగేదాకా అట్లాగే ఉంది. నాకు తెలిసి కల్లూరు దాటేదాకా అట్లాగే ఉండి ఉంటుంది.

దీనికి మాత్రం తరుగు తీయకండి.